కొలువుకి ఏం కొనాలి? ఏం మానాలి?

సంక్రాంతి దగ్గర పడితే కొందరి ఇళ్లలో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. వాటిలో బొమ్మలు ఉంటాయి. ఏడాదంతా గుడ్డల్లో నిద్రపోయిన బొమ్మలు మూడు రోజులు మెట్లెక్కి కూర్చుంటాయి. దానినే బొమ్మల కొలువు అంటారు.

కోస్తా జిల్లాల్లో చాలామంది సంక్రాంతికి కొలువు పెడతారు. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో ఉంచుతారు. కొన్నిచోట్ల దసరాకి పెడతారు. అప్పుడు తొమ్మిది రోజులు ఉంటుంది. తమిళనాడులోనూ, కర్ణాటకలోనూ దసరాకే పెడతారు.

మెట్లు బేసి లెక్కలో ఉంటాయి. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది. పై మెట్టు మీద దేవుళ్లు ఉంటారు. కింది మెట్ల మీద మనుషులు ఉంటారు. పొలం దున్నే రైతు, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, పెళ్లి పల్లకీ, సంత, పశువులు. మన బతుకంతా ఆ మెట్ల మీద కనిపిస్తుంది.

ఏటా ఒక్క కొత్త బొమ్మయినా పెట్టాలని పెద్దలు చెబుతారు. అలా ఏడాదికొకటి చొప్పున బొమ్మలు పోగవుతాయి. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వస్తాయి.

బొమ్మలు కూడబెట్టేవాళ్లకి ఒక సంగతి నెమ్మదిగా తెలిసివస్తుంది. బొమ్మకి అయ్యే ఖర్చు తక్కువ. బొమ్మ చుట్టూ కొనే సరుకుకి అయ్యే ఖర్చు ఎక్కువ. ఆ సరుకులో చాలా భాగం లేకపోయినా కొలువు నిలబడుతుంది. కొన్నయితే బొమ్మలకే చేటు చేస్తాయి. ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

కోడలు రాసిన చీటీ

కృష్ణా నది ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక అత్త, కోడలు ఉన్నారు. అత్తకి అరవై ఏళ్లు దాటాయి. ఆమె చిన్నప్పుడు బడికి పోలేదు. పెద్దయ్యాక చదువు కేంద్రంలో అక్షరాలు నేర్చుకుంది. కోడలు ఏడో తరగతి దాకా చదివింది. ఇద్దరూ పొదుపు సంఘంలో సభ్యులే.

కిందటి సంక్రాంతికి పక్క వీధిలో ఒక ఇంట్లో పెద్ద కొలువు పెట్టారు. తొమ్మిది మెట్లు. రంగు రంగుల లైట్లు. పేరంటానికి వెళ్లిన ఆడవాళ్లందరికీ తలో ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ఆ కొలువు కోడలి మనసులో ఉండిపోయింది.

"ఈసారి మనమూ బాగా పెడదాం అత్తయ్యా" అంది కోడలు. కాగితం తీసి చీటీ రాసింది.

ఇనుప మెట్ల స్టాండు – 2,500 రూపాయలు
దశావతారాల సెట్టు – 1,600 రూపాయలు
సీరియల్ లైట్లు – 350 రూపాయలు
ప్లాస్టిక్ పూలదండలు – 250 రూపాయలు
పేరంటాళ్లకి ప్లాస్టిక్ డబ్బాలు, 30 – 750 రూపాయలు
వార్నిష్, కుంచె – 350 రూపాయలు
కలరా ఉండలు, ప్లాస్టిక్ కవర్లు – 200 రూపాయలు
మొత్తం – 6,000 రూపాయలు

(ఈ ధరలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండవచ్చు.)

కోడలి చేతిలో 1,000 రూపాయలు ఉన్నాయి. మిగతా 5,000 సంఘంలో అప్పు తీసుకుందామనుకుంది. నూటికి నెలకు ఒక రూపాయి వడ్డీ. పది నెలల్లో తీర్చాలి.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక అప్పు తీరేదాకా రెండో అప్పు ఇవ్వరు. ఉగాదికి అప్పు తీసుకుని కుట్టుమిషను కొందామని కోడలు ఎప్పటినుంచో అనుకుంటోంది. ఆ ఊళ్లో జాకెట్లు కుట్టేవాళ్లు లేరు. ఆడవాళ్లు గుడ్డ పట్టుకుని టౌనుకి పోతున్నారు. మిషను ఉంటే ఆ పని ఇంటికే వస్తుంది. ఇప్పుడు కొలువుకి అప్పు తీసుకుంటే ఉగాదికి మిషను రాదు. మళ్లీ ఏడాది చివరి దాకా ఆగాలి.

అత్త చీటీ అంతా కూడబలుక్కుని చదివింది. వద్దు అనలేదు. "ముందు పెట్టె దించు. ఉన్నవేవో చూసి, అప్పుడు కొందాం" అంది.

పెట్టెలో ఏముంది?

కోడలు పెట్టె దించింది. అత్త ఒక్కొక్క బొమ్మనీ తీసి చాప మీద పెట్టింది. కోడలు నోటుపుస్తకంలో రాసింది. అంతా అయ్యేసరికి నలభై ఒక్క బొమ్మలు తేలాయి.

ఇద్దరూ ఆశ్చర్యపోయారు. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి బొమ్మలు రెండున్నాయి. రెండూ ఒకలాగే ఉన్నాయి. "ఇది ఉందని మరిచిపోయి అది కొన్నాను" అంది అత్త. రాముడు ఉన్నాడు. కృష్ణుడు ఉన్నాడు. నరసింహస్వామి ఉన్నాడు. అంటే పది అవతారాల్లో మూడు ఇంట్లోనే ఉన్నాయి.

కోడలు చీటీ తీసింది. దశావతారాల సెట్టు అన్న మాట మీద గీత కొట్టేసింది. "ఏడాదికొక అవతారం చేరుద్దాం అత్తయ్యా. ఏడేళ్లలో పదీ అవుతాయి" అంది.

ఇది మొదటి పాఠం. కొత్తది కొనే ముందు ఉన్నవాటిని రాసుకోవాలి. రాసుకోకపోతే ఉన్నదే మళ్లీ కొంటాం.

పెట్టె అడుగున మరికొన్ని ఉన్నాయి. అవి కొలువులో పెట్టే బొమ్మలు కావు. పాడైపోయిన బొమ్మలు. అత్త వాటిని పారేయలేదు. ఒక్కొక్కటీ తీసి కోడలికి చూపించింది.

వార్నిష్ పూసిన ఏనుగు

ముందుగా ఒక అంబారీ ఏనుగు తీసింది. దాని మీద రాజు కూర్చున్నాడు. ఒకప్పుడు ఏనుగు తెల్లగా, అంబారీ ఎర్రగా ఉండేదట. ఇప్పుడు అంతా పసుపు పచ్చగా, మడ్డిగా ఉంది. రాజు కళ్లు చెదిరిపోయాయి.

"ఇది మా అత్తగారు ఇచ్చింది. మెరుస్తుందని ఎవరో చెబితే వార్నిష్ పూశాను. కుంచె పెట్టగానే కాటుక కరిగిపోయింది. ఆ కళ్లు మళ్లీ రాలేదు" అంది అత్త.

ఎందుకిలా అయింది? కొండపల్లి బొమ్మ ఎలా తయారవుతుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది.

కొండపల్లి విజయవాడ దగ్గర ఉంది. ముందు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అక్కడ తెల్ల పొణికి అనే కర్రతో బొమ్మలు చేస్తారు. ఈ కర్ర మెత్తగా, చాలా తేలిగ్గా ఉంటుంది. కర్రని ఎండబెడతారు. సన్నటి సెగ మీద కాచి తేమ పోగొడతారు. తల, చేతులు, ఒళ్లు విడివిడిగా చెక్కుతారు. తరువాత అతుకుతారు. అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. ఆరిన బొమ్మకి సున్నం పూస్తారు. దాని మీద రంగులు వేస్తారు. కళ్లు, కనుబొమలు సన్నని కుంచెతో ఆఖరున దిద్దుతారు.

అంటే రంగు పై పొరలోనే ఉంటుంది. దాని కింద సున్నం ఉంటుంది. తడి తగిలినా, వార్నిష్ తగిలినా ఆ పొర కదులుతుంది. వార్నిష్ రోజులు గడిచేకొద్దీ పసుపు రంగుకి తిరుగుతుంది. అందుకని పాత బొమ్మకి వార్నిష్ వద్దు. కొత్త రంగు కూడా వద్దు. తడి గుడ్డ వద్దు. నీళ్లతో కడగవద్దు. పొడిగా ఉన్న మెత్తని గుడ్డతో గానీ, మెత్తని కుంచెతో గానీ దుమ్ము దులిపితే చాలు.

రంగు వెలిసిన బొమ్మ వయసు మళ్లిన మనిషి లాంటిది. దాన్ని కొత్తగా చేయాలనుకోకూడదు. జాగ్రత్తగా చూసుకోవాలి.

కోడలు వార్నిష్, కుంచె మీద గీత కొట్టేసింది.

కవరుకి అంటుకున్న రాణి

అత్త ఒక రాణి బొమ్మ తీసింది. దాని చీర రంగు ఒక పక్క పోయింది. ఆ రంగు ప్లాస్టిక్ కవరుకి అంటుకుని ఉంది.

ప్లాస్టిక్ కవరు గాలి ఆడనివ్వదు. లోపలి తేమ లోపలే ఉండిపోతుంది. వానాకాలంలో బూజు పడుతుంది. ఎండాకాలంలో రంగు మెత్తబడి కవరుకి అంటుకుంటుంది.

మరి దేనిలో చుట్టాలి? పాత నూలు గుడ్డలో చుట్టాలి. పాత పంచె, చీర ముక్క, ధోవతి ఏదైనా సరే. ఉతికి బాగా ఎండబెట్టిన గుడ్డ అయితే చాలు. వార్తాపత్రికలో తిన్నగా చుట్టకూడదు. దాని సిరా బొమ్మకి అంటుతుంది. ముందు గుడ్డ చుట్టి, దాని మీద కాగితం చుట్టవచ్చు.

పురుగు పట్టకుండా చాలామంది కలరా ఉండలు వేస్తారు. అవి తెల్లగా, గుండ్రంగా మిఠాయిలా ఉంటాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వాటి ఘాటు కూడా పసివాళ్లకి మంచిది కాదు. కొన్ని రకాల ప్లాస్టిక్ వాటికి తగిలితే మెత్తబడుతుంది. పిల్లలు ఆడుకునే చోట విప్పే పెట్టెలో అవి ఉండకూడదు.

వేపాకుని నీడలో ఎండబెట్టి, పల్చని గుడ్డలో మూట కట్టి పెట్టెలో వేసుకోవచ్చు. అయితే వేపాకు వేశాం కదా అని పెట్టెను మరిచిపోకూడదు. మూడు నెలలకొకసారి తెరవాలి. బొమ్మల్ని నీడన, గాలికి పెట్టాలి. పెట్టెని, గుడ్డల్ని ఎండలో పెట్టాలి. బొమ్మ కింద సన్నని పొడి రాలి ఉంటే పురుగు తొలుస్తోందని గుర్తు. ఆ బొమ్మని వెంటనే వేరే పెట్టాలి. లేకపోతే పక్క బొమ్మలకీ పురుగు పడుతుంది.

కలరా ఉండలు, కవర్ల మీద కోడలు గీత కొట్టేసింది.

మెడ విరిగిన కొండపల్లి బొమ్మ

తరువాత ఒక పెళ్లికూతురు బొమ్మ వచ్చింది. దాని మెడ విరిగింది. విరిగిన చోట తెల్లగా సుద్దలా ఉంది.

"ఇది తిరనాళ్లలో కొన్నాను. కొండపల్లి బొమ్మే అని ప్రమాణం చేసి అమ్మాడు. సగం ధరకే ఇచ్చాడు" అని అత్త నవ్వింది.

అది కర్ర బొమ్మ కాదు. ప్లాస్టర్ బొమ్మ. అచ్చులో పోసి చేసింది. ప్లాస్టర్ బొమ్మ కొనడం తప్పేమీ కాదు. కానీ ప్లాస్టర్ అని తెలిసి, ప్లాస్టర్ ధరకే కొనాలి. కొండపల్లి అనుకుని కొంటే మోసపోయినట్టే.

ఎలా గుర్తుపట్టాలి? చేతిలోకి తీసుకుని చూడండి. పొణికి కర్ర బొమ్మ తేలిగ్గా ఉంటుంది. ప్లాస్టర్ బొమ్మ బరువుగా, చల్లగా ఉంటుంది. అడుగున గోటితో గీస్తే తెల్లని పొడి రాలుతుంది. రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో చేసిన బొమ్మల్లో చిన్న చిన్న తేడాలు ఉంటాయి. అచ్చు బొమ్మలు అన్నీ ఒకలాగే ఉంటాయి.

మన దగ్గర చెక్క బొమ్మలకి పేరున్న ఊళ్లు ఇంకా ఉన్నాయి. అనకాపల్లి జిల్లాలో ఏటికొప్పాక ఉంది. అది వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడ అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. కర్రని మరమీద తిప్పుతూ రంగు లక్కని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ రంగు, నీలి మొక్క నుంచి నీలం తీస్తారు. ఈ సహజ రంగుల పని కోసం పాటుపడిన ఏటికొప్పాక వాసి సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణలో నిర్మల్ ఉంది. అక్కడా పొణికి కర్రతోనే బొమ్మలు చేస్తారు. తిరుపతిలో చెక్కతో చేసిన జంట బొమ్మలు దొరుకుతాయి.

కొండపల్లి బొమ్మకీ, ఏటికొప్పాక బొమ్మకీ భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఆ ఊరి పేరు చెప్పి వేరే చోటి సరుకు అమ్మకూడదు. అది చట్టం. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ల ఇళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో లేపాక్షి దుకాణాల్లోనూ, తెలంగాణలో గోల్కొండ దుకాణాల్లోనూ దొరుకుతాయి.

ఇంకొక సంగతి ఉంది. పొణికి చెట్టు త్వరగా ఎదగదు. అడవిలో ఆ చెట్లు తగ్గిపోతున్నాయి. కర్ర దొరకడమే కష్టమవుతోంది. కాబట్టి ఒక మంచి బొమ్మ కొని, మూడు తరాలు దాచుకుంటే ఆ చెట్టుకీ, ఆ పనివాడికీ మర్యాద చేసినట్టు.

ఇనుప స్టాండు, లైట్లు, అద్దాల బీరువా

అటక మీద కొన్ని ఇనుప ముక్కలున్నాయి. అవి ఏమిటో కోడలికి తెలియదు. "అదే స్టాండు. నువ్వు కాపురానికి రాకముందు కొన్నాను. ఏడాదికి మూడు రోజులు వాడాను. తక్కిన 362 రోజులు అటక మీద తుప్పు పట్టింది. మరలు పోయాయి. ఒక కాలు వంగింది" అంది అత్త.

స్టాండు లేకుండా మెట్లు ఎలా? పెద్ద ట్రంకు పెట్టె వెనక పెట్టాలి. దాని ముందు బల్ల పెట్టాలి. దాని ముందు పీట పెట్టాలి. మూడు మెట్లయ్యాయి. ఇంకా కావాలంటే ఇటుకలు పేర్చి, వాటి మీద పలక వేయాలి. పైన ఉతికిన తెల్ల పంచె పరవాలి. లోపల ఏముందో ఎవరికీ కనిపించదు. ఒక్క జాగ్రత్త ఉంది. చేత్తో నొక్కి చూసి, కదలకుండా ఉంటేనే బొమ్మలు పెట్టాలి.

అత్త కొన్న సీరియల్ లైట్లలో సగం వెలగడం లేదు. తీగ మీది తొడుగు చీలిపోయింది. అలాంటి తీగ గుడ్డ మీద పెడితే నిప్పు అంటుకోవచ్చు. ఇంట్లో ఉండే బల్బు వెలుగు చాలు. నూనె దీపం పెడితే గుడ్డకీ, బొమ్మలకీ దూరంగా, పళ్లెంలో పెట్టాలి.

అద్దాల బీరువా కొనలేదని అత్త సంతోషించింది. ఆమె చెల్లెలు కొన్నది. దాన్ని పడమటి కిటికీ ఎదురుగా పెట్టింది. రోజూ సాయంత్రం ఎండ పడి రెండేళ్లలో బొమ్మల రంగు వెలిసింది. లక్క బొమ్మకి ఎండ వేడి మరీ చేటు. చీకటిగా, పొడిగా ఉండే పాత పెట్టె వాటికి మంచి చోటు.

మాట పడతామేమో!

చీటీలో ప్లాస్టిక్ డబ్బాలు మిగిలాయి. కోడలు వాటిని మాత్రం కొట్టేయలేదు.

"అన్నీ మానేద్దాం అత్తయ్యా. కానీ వాళ్లింట్లో డబ్బా ఇచ్చారు. మనం ఉత్త చేతులతో పంపితే ఏమనుకుంటారు?" అంది.

అత్త వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి, "ఉత్త చేతులతో ఎందుకు పంపుతాం? శనగలు, తాంబూలం, అరటిపండు ఇస్తాం. పసుపు రాసి బొట్టు పెడతాం. పేరంటం అంటే అదే కదా" అంది. "వాళ్లు డబ్బా ఇచ్చారు. మనమూ డబ్బా ఇస్తే, వచ్చే ఏడు వాళ్లు గిన్నె ఇస్తారు. ఆ పై ఏడు మనం ఏమివ్వాలి? ఈ వీధిలో కూలికి పోయేవాళ్లు కొలువు పెట్టడమే మానేస్తారు. ఏమీ ఇచ్చుకోలేమని పేరంటానికి పిలవడం కూడా మానేస్తారు" అంది.

కోడలు ఆలోచించింది. కిందటేడు ఎదురింటి ఆమె కొలువు పెట్టలేదు. అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పింది. అసలు కారణం ఏమిటో ఇప్పుడు కోడలికి తోచింది. డబ్బాల మీద కూడా గీత కొట్టేసింది. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పింది.

"మీరన్నవన్నీ మానేశాను అత్తయ్యా. కానీ కొత్త బొమ్మ మానను. అది కొందాం. మంచిదే కొందాం."

"దాన్ని మానమని నేనెప్పుడన్నాను?" అంది అత్త.

లెక్క తేలింది

కోడలు కొత్త చీటీ రాసింది.

కొండపల్లి మత్స్యావతారం బొమ్మ – 350 రూపాయలు
శనగలు, రెండు కిలోలు – 180 రూపాయలు
ఆకులు, వక్కలు, అరటిపళ్లు – 270 రూపాయలు
పసుపు, కుంకుమ, పూలు, నూనె, ముగ్గుపిండి – 200 రూపాయలు
మొత్తం – 1,000 రూపాయలు

చేతిలో ఉన్న డబ్బు సరిపోయింది. అప్పు అక్కర్లేదు.

అప్పు తీసుకుని ఉంటే ఎంతయ్యేది? 5,000 రూపాయల అప్పు. నెలకు 500 చొప్పున అసలు కట్టాలి. మొదటి నెల వడ్డీ 50 రూపాయలు. రెండో నెల అసలు 4,500. దాని మీద వడ్డీ 45. మూడో నెల 40. ఇలా తగ్గుతూ పదో నెలకి 5 రూపాయలు. అన్నీ కూడితే వడ్డీ 275 రూపాయలు. అంటే 6,000 రూపాయల కొలువుకి 6,275 రూపాయలు అయ్యేది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. కుట్టుమిషను ఏడాది చివరికి పోయేది.

కొలువు రోజు

భోగినాడు సాయంత్రం కొలువు పెట్టారు. అయిదు మెట్లు. తెల్ల పంచె మీద నలభై రెండు బొమ్మలు. బంతిపూల దండలు. కింద ముగ్గు. చిన్న మనవరాలికి భోగిపళ్లు పోశారు.

వచ్చినవాళ్లందరూ మెచ్చుకోలేదు. ఒకామె, "ఈసారి కూడా లైట్లు పెట్టలేదేం?" అంది. కోడలి మొహం చిన్నబోయింది. జవాబు చెప్పలేదు. తాంబూలం ఇచ్చి పంపింది.

పిల్లలు మాత్రం లైట్ల గురించి అడగలేదు. రెండు గీత కార్మికుల బొమ్మల దగ్గర కూర్చున్నారు. "వీళ్లిద్దరూ అన్నదమ్ములా?" అని అడిగారు. కళ్లు చెదిరిన రాజు కూడా మూడో మెట్టు మీద ఉన్నాడు. ఆయన కథేమిటని అడిగారు. అత్త వార్నిష్ కథ చెప్పింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎదురింటి ఆమె వచ్చి చాలాసేపు చూసింది. "మా అమ్మ ఇచ్చిన బొమ్మలు ఏడున్నాయి. మెట్లు లేక పెట్టలేదు" అంది. "పీట ఉందా?" అని అడిగింది అత్త. మర్నాడు ఆ ఇంట్లోనూ కొలువు పెట్టారు. మూడు మెట్లు, ఏడు బొమ్మలు.

కనుమ మర్నాడు అత్త బొమ్మల్ని గుడ్డల్లో చుట్టింది. కోడలు కాగితం ముక్కల మీద పేర్లు రాసి గుడ్డకి దారంతో కట్టింది. మత్స్యావతారం పేరు అత్తే రాసింది. "త్స్య" రాయడానికి రెండుసార్లు కొట్టేసి మూడోసారి సరిగా రాసింది.

ఉగాదికి సంఘంలో కోడలికి అప్పు మంజూరైంది. కుట్టుమిషను ఇంటికి వచ్చింది. జాకెట్లు కుట్టగా మిగిలిన పట్టు ముక్కలు ఒక సంచిలో వేస్తోంది. వచ్చే కొలువుకి తిరుపతి జంట బొమ్మలకి బట్టలు కుట్టాలట. అవి కూడా దుకాణంలో కొనక్కర్లేదు.

గుర్తుపెట్టుకోండి

1. కొత్త బొమ్మ కొనే ముందు ఉన్నవాటి జాబితా రాయండి.
2. పాత బొమ్మకి వార్నిష్, రంగు, నీళ్లు తగలనివ్వకండి.
3. ప్లాస్టిక్ కవరు వద్దు. పాత నూలు గుడ్డ మేలు.
4. కలరా ఉండలు పిల్లలకి ప్రమాదం.
5. ఏడాదిలో మూడు రోజులు వాడే వస్తువుకి అప్పు చేయకండి.
6. ఒక మంచి బొమ్మ కొనండి. చేసినవాళ్ల దగ్గర కొంటే మరీ మంచిది.
7. ఇచ్చిపుచ్చుకోవడంలో పోటీ పెడితే లేనివాళ్లు వెనక్కి తగ్గుతారు.

కొత్త మాటలు

బేసి సంఖ్య – రెండుతో భాగిస్తే ఒకటి మిగిలే సంఖ్య
అంబారీ – ఏనుగు మీద కూర్చునే పీఠం
మక్కు – బొమ్మ ముక్కల్ని అతికే ముద్ద
లక్క – పురుగుల నుంచి వచ్చే, వేడికి కరిగే పదార్థం
కట్టుబాటు – అందరూ కలిసి పెట్టుకున్న నియమం

జవాబులు చెప్పండి

1. కోడలు మొదటి చీటీలో ఎన్ని వస్తువులు రాసింది?
2. ఏనుగు మీది రాజు కళ్లు ఎందుకు చెదిరిపోయాయి?
3. కర్ర బొమ్మనీ, ప్లాస్టర్ బొమ్మనీ ఎలా గుర్తుపడతారు?
4. ఎదురింటి ఆమె కిందటేడు కొలువు ఎందుకు పెట్టలేదని మీరనుకుంటున్నారు?
5. కోడలు కొత్త బొమ్మ కొనడం మానలేదు. ఆమె చేసింది సరైనదేనా? మీ గుంపులో మాట్లాడుకోండి.

లెక్క వేయండి

ఒకామె సంఘంలో 2,000 రూపాయలు అప్పు తీసుకుంది. నూటికి నెలకు ఒక రూపాయి వడ్డీ. నెలకు 500 చొప్పున అసలు కట్టింది. నాలుగు నెలల్లో అప్పు తీరింది. మొత్తం వడ్డీ ఎంత కట్టింది? (జవాబు: 20 + 15 + 10 + 5 = 50 రూపాయలు)

మీరూ రాయండి

మీ ఇంట్లో పెళ్లికో, పండక్కో కొని తరువాత వాడని వస్తువులు ఏమున్నాయి? నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో వస్తువు పేరు రాయండి. రెండో గడిలో ధర రాయండి. మూడో గడిలో ఎన్ని రోజులు వాడారో రాయండి. ఈసారి పండగ చీటీ రాసే ముందు ఆ పేజీ ఒకసారి చదువుకోండి.